షాపులో ఉప్పునీళ్ళ తొట్టి, నేను తిరిగివ్వాల్సిన డబ్బులు

నమస్కారమండీ. నలభై రోజులుగా వైజాగ్‌లో మన అక్వేరియం షాపు గుమ్మం పక్కన మూడడుగుల గాజు తొట్టి ఒకటి వెలుగుతోంది. మొన్నటిదాకా దాంట్లో రాళ్ళు, నీళ్ళు తప్ప ఏమీ లేవు. "చేపలు అమ్ముడైపోయాయా, పారిపోయాయా?" అని వచ్చినవాళ్ళంతా అడిగేవారు. అది సముద్రపు చేపల కోసం కట్టిన తొట్టి. మొన్న శనివారం రెండు క్లౌన్ చేపలు దిగాయి. బాగానే తింటున్నాయి. వాటి సంగతి చెప్పే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

కిందటేడు వర్షాకాలం ముగిసే టైములో మీలో ఆరుగురు నా దగ్గర ఉప్పునీళ్ళ సెట్టు తీసుకున్నారు. ఉప్పు ప్యాకెట్లకి ఖర్చెందుకు, సముద్రం పక్కనే ఉందిగా అని బీచ్ నుంచి క్యాన్లతో నీళ్ళు తెప్పించి పోశాను. నాలుగిళ్ళలో పది రోజుల్లోపే చేపలు తేలిపోయాయి. మీరు ఫోన్ చేస్తే "హస్తవాసి కుదరలేదండీ" అని నవ్వేశాను కూడా. కుదరనిది నా బుర్ర.

తర్వాత ఎప్పుడో, భీమిలి వైపు రొయ్య పిల్లల హేచరీలో పనిచేసే మన కస్టమర్ ఒకాయన వచ్చి, మిగిలిన క్యాన్‌లో నీళ్ళు రెండు చుక్కలు తీసి చూశారు. సెలైనిటీ, అంటే లీటరు నీళ్ళలో ఉప్పు, 25 గ్రాములు. ఉండాల్సింది 35 దాకా. వానాకాలంలో మహానది, గంగ, బ్రహ్మపుత్ర అన్నీ బంగాళాఖాతంలోకే దిగుతాయి. ఆ తీపినీళ్ళు పైపైన తేలుతూ తీరం వెంబడి దక్షిణంగా మన వైపు వస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో మన ఒడ్డున నీళ్ళు చప్పబడేది అందుకే. దానికి తోడు ఊరి కాలవలు కలిసేదీ అక్కడే. హేచరీ వాళ్ళు సముద్రపు నీళ్ళని నేరుగా వాడరట. ఇసుకలో వడగట్టి, క్లోరిన్ కొట్టి, మళ్ళీ ఆ క్లోరిన్ విరిచి, అప్పుడు వాడతారట. నేనేమో అలల్లోంచి ముంచి మీ హాల్లో పోశాను.

అందుకే ఈసారి నా డబ్బుతో, నా షాపులో కట్టి చూసుకున్నాను. ఇదివరకు ఎవరడిగినా "అరవై వేలు లేకుండా సముద్రపు తొట్టి మాట ఎత్తకండి" అనేవాణ్ణి. నాకైంది 18,700. చేపలు కాకుండా. మధ్యలో తగలేసిన ఒక పంపు కలిపితే 19,150.

ఎక్కడ మిగిలిందో చెప్తాను. తొట్టి పాతదే. కీళ్ళ దగ్గర సిలికాన్ జిగురు గీకేసి మళ్ళీ పట్టించాను, వారం రోజులు ఆరనిచ్చాను. బాత్రూములకి వాడే సిలికాన్‌లో బూజు పట్టకుండా మందు కలుస్తుంది, అది చేపలకి విషం. ట్యూబు మీద రాసింది చదివి కొనండి. స్టాండు మాత్రం కొత్తగా ఇనుప యాంగిళ్ళతో వెల్డింగ్ చేయించాను, 3,200 అయింది. నీళ్ళు, రాళ్ళు, గాజు కలిపితే రెండున్నర క్వింటాళ్ళు. టీవీ బల్ల మీద పెడతానంటే నేను అమ్మను, ఇప్పుడే చెప్తున్నా.

ఉప్పు దగ్గర చాలామంది అడిగే ప్రశ్న: నౌపడ గళ్ళుప్పు కలిపితే సరిపోదా? సరిపోదండీ. ఉప్పు మడిలో నీరు ఎండేటప్పుడు ముందు సున్నం, జిప్సం అడుక్కి దిగిపోతాయి. తర్వాత మనం కూరలో వేసుకునే ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం అంతా చేదునీళ్ళలో ఉండిపోతే దాన్ని బయటికి వదిలేస్తారు. ఆ గళ్ళుప్పు తెచ్చి నీళ్ళలో కరిగిస్తే ఉప్పునీళ్ళు వస్తాయి, సముద్రం రాదు. అక్వేరియం ఉప్పే కావాలి. కింద పెట్టే రెండో తొట్టి, అంటే సంపుతో కలిపి నా తొట్టికి 7 కిలోలు పట్టింది, 2,450. నీళ్ళు మాత్రం వాటర్ ప్లాంటు క్యాన్లవే. కరిగిన లవణాలు చూసే టీడీఎస్ మీటరు పెట్టి చూశాకే పోశాను.

సెలైనిటీ చూసే రిఫ్రాక్టోమీటరు రొయ్యల చెరువుల మందులు అమ్మే షాపులో 1,200కి దొరికింది. నేను ఇన్నాళ్ళూ దానికి రెట్టింపు చెప్పేవాణ్ణి. భీమవరం, కాకినాడ వైపు ఉన్నవాళ్ళయితే నా దగ్గరికి రానే అక్కర్లేదు. అమ్మోనియా టెస్టు కిట్లు, ఎయిర్ స్టోన్లు, ఆర్టీమియా మేత డబ్బాలు అన్నీ ఆ షాపుల్లోనే ఉంటాయి.

రాళ్ళు నేనే పోతపోశాను. సిమెంటు, నలగ్గొట్టిన గుల్లలు, గళ్ళుప్పు కలిపి, తడి ఇసుకలో గుంటలు తీసి ముద్దలు పెట్టాను. గట్టిపడ్డాక నీళ్ళలో వేస్తే ఉప్పు కరిగిపోయి కన్నాలు పడతాయి. నీళ్ళని శుభ్రంచేసే బ్యాక్టీరియా కాపురం పెట్టేది ఆ కన్నాల్లోనే. కాకపోతే పచ్చి సిమెంటు నీళ్ళ పీహెచ్‌ని విపరీతంగా పెంచుతుంది. రెండు రోజులకోసారి నీళ్ళు మారుస్తూ ఆరు వారాలు డాబా మీద టబ్బులో నానబెట్టాను. మా ఆవిడ బట్టలు ఆరేసుకునే చోటది. ఆ ఆరు వారాలూ ఇంట్లో నాకు మర్యాద తగ్గింది. అంత ఓపిక దేనికి, పగడపు రాయి తెచ్చిపెట్టు అని కొందరు అడుగుతున్నారు. పగడాలు, సముద్రపు గుర్రాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. నా దగ్గర దొరకవు. ఇంకెవరైనా ఇస్తామన్నా తీసుకోకండి.

ఇక తగలేసిన పంపు. కింద సంపు నుంచి నీళ్ళు పైకి తోడడానికి 450 రూపాయల ఎయిర్ కూలర్ పంపు పెట్టాను. పంతొమ్మిదో రోజుకి ఇరుసు తుప్పుపట్టి నీళ్ళు ఎర్రబారాయి. ఉప్పునీళ్ళలో ఆడే పంపుకి 2,600 పెట్టక తప్పలేదు. ఇంకో రాత్రి కరెంటు పోయింది. పైకి వెళ్ళాల్సిన పైపులోంచి నీళ్ళు ఎదురు తిరిగి సంపులోకి దిగి, సంపు పొంగి, పక్క జిరాక్స్ షాపులోకి వెళ్ళాయి. రెండు కాగితం కట్టలు తడిసిపోతే డబ్బిచ్చి దండం పెట్టి వచ్చాను. నీటిమట్టానికి కాస్త కిందుగా పైపుకి చిన్న చిల్లి పెడితే, మట్టం తగ్గగానే గాలి దూరి ధార తెగిపోతుంది. అంతే పని. చిల్లి పెట్టాక మెయిన్ మూడుసార్లు ఆపి చూశాను, పొంగలేదు.

బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు 750. దీనికి మాత్రం బేరం ఆడకండి. 2014లో హుద్‌హుద్ కొట్టినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక నా షాపులో మిగిలిన చేపల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

వేసవి సంగతి ఇంకా తేలలేదు. నీళ్ళు చల్లబరిచే చిల్లరు కొనే స్తోమత నాకే లేదు. నీళ్ళ మీదికి చిన్న ఫ్యాను తిప్పుతున్నాను. మన వైజాగ్ ఉక్కపోతలో అది పెద్దగా పనిచెయ్యదు, ఒకటిన్నర డిగ్రీ తగ్గుతోంది. ఆవిరైనంత మేర మంచినీళ్ళే పొయ్యాలి, ఉప్పునీళ్ళు కాదు. ఉప్పు ఆవిరవదు కదా. మే నెల దాటాక ఈ తొట్టి ఎలా ఉందో చూపించి, అప్పుడు ధైర్యంగా అమ్ముతాను.

ఖాళీ తొట్టి ఎందుకు నడిపానంటే, చేపల కంటే ముందు ఆ బ్యాక్టీరియా పెరగాలి. అందుకే పచ్చి రొయ్య ముక్క ఒకటి వేసి కుళ్ళనిచ్చాను. దాన్నుంచి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. అమ్మోనియా చేపని చంపేదే. ఉప్పునీళ్ళలో నైట్రైట్ ప్రమాదం అంతకంటే తక్కువ. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి రావడానికి నాకు 38 రోజులు పట్టింది. కిందటేడు నేను మీకు మూడో రోజే చేపలిచ్చాను.

కాబట్టి ఇకనుంచి ఆరు వారాల నీళ్ళ టెస్టు రాసుకొచ్చి చూపించనిదే సముద్రపు చేప ఇవ్వను. నీళ్ళు సీసాలో తెస్తే టెస్టు నేనే చేస్తాను, ఫ్రీ. మూడడుగుల తొట్టికి హేచరీలో పుట్టిన క్లౌన్ల జంట చాలు. నీలం టాంగ్ అనే చేపని అడగొద్దు, దానికి ఈదడానికి ఈ చోటు చాలదు. నెలనెలా ఉప్పుకి, టెస్టులకి కొంత ఖర్చు ఉంటుంది. అది కూడా లెక్కేసుకునే దిగండి.

చేపలు పోయిన ఆ నాలుగిళ్ళ వాళ్ళకి: బిల్లు లేకపోయినా పర్వాలేదు, నా పుస్తకంలో రాసుంది. చేపల డబ్బు, నీళ్ళకి తీసుకున్న డబ్బు తిరిగిచ్చేస్తాను. ఒక్కసారే ఇవ్వలేను, నెలకి ఇద్దరికి చొప్పున. ముందు పోగొట్టుకున్నవాళ్ళకి ముందు. మిగిలిన ఇద్దరూ ఒకసారి నీళ్ళ సీసా పట్టుకురండి, ఎలా బతికాయో నాకూ చూడాలని ఉంది.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి తొట్టిలో పదో వంతు నీళ్ళు మారుస్తాను. చూడాలనుకునేవాళ్ళు రండి. చెప్పులు బయట వదిలి మెల్లగా నడవండి, సంపు దగ్గర నేల ఇంకా జారుతోంది.