ప్రయోగశాల తాళం తీయించండి
గౌరవనీయులైన జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

ప్రయోగశాల తెరిపించమని మేమిచ్చిన రెండు అర్జీలకూ జవాబు రానందున అందరి ముందూ రాస్తున్నాం. మా బడిలో ప్రయోగాలు బోర్డు మీదే ముగుస్తున్నాయి. ఆకులో పిండిపదార్థ పరీక్షే చూడండి: స్పిరిట్‌లో వేసిన ఆకును ఆ పాత్రతో సహా వేడినీళ్ల గిన్నెలో ఉంచి మరిగించాలి, నేరుగా మంట మీద పెడితే స్పిరిట్ అంటుకుంటుంది. పత్రహరితం పోయాకే అయోడిన్ చుక్కలు వేయాలి, లేకుంటే నీలినలుపు రంగు స్పష్టంగా కనబడదు. కుంభాకార కటకానికీ (మధ్యలో ఉబ్బిన అద్దం) దాని నాభికీ (సమాంతర కిరణాలు కలిసే బిందువు) మధ్య కొవ్వొత్తి పెడితే తెరపై ప్రతిబింబం ఎందుకు పడదో, సూత్రం బట్టీపట్టినవారు చెప్పలేకపోతున్నారు. తెలుగులో సొంత వాక్యం, సాంఘికంలో పటం గుర్తింపు కూడా గైడ్ల పాలయ్యాయి. సైన్సంటే ఇష్టమున్నవారే ఇంటర్‌లో ఆ గ్రూపుకు జంకుతున్నారు.

వారానికి 2 పీరియడ్లు ప్రయోగశాలకు కేటాయించేలా ఉత్తర్వులివ్వండి. 15 రోజుల్లో రాతపూర్వక జవాబు ఇప్పించగలరు.

ఇట్లు,
పదో తరగతి విద్యార్థులు