బోరు కాడి తాతకు, అందరికీ వందనాలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. నిన్న పరిశుద్ధ గురువారం ఆరాధనకు మా శ్రీకాళహస్తి సంఘంలో ప్రభువు బల్ల వెనక గోడకు నేను గీసిన కలంకారీ గుడ్డ కట్టారు. యేసయ్య శిష్యుల కాళ్లు కడిగే బొమ్మ, మూడు మీటర్లు. రాత్రంతా నిద్ర లేదు. చేతులు ఇంకా కరక్కాయ వాసన వస్తున్నాయి. ఇప్పుడు రాయకపోతే మళ్లీ రాయలేను.

పాతికేళ్లుగా కూలికి గీస్తున్నాను. చీరలు, దుపట్టాలు, పార్వతీ కల్యాణాలు. నాకు పాట రాదు, నలుగురిలో నోరు తెరిచి ప్రార్థన చెయ్యడం రాదు. నిర్గమకాండంలో దేవుడు బెసలేలు అనే పనివాణ్ణి తన ఆత్మతో నింపింది బంగారం, వెండి, చెక్క పని చెయ్యడానికని చదివిన రోజు నుంచి, ఒక్క గుడ్డ అయినా కూలి లేకుండా ఆయనకు గియ్యాలని ఆశ.

పటిక పెట్టిన గుడ్డను పారే నీళ్లలోనే జాడించాలి. తొట్టిలో ముంచితే పటిక పక్కకు పాకుతుంది, పాకిన చోటల్లా ఉడకేసినప్పుడు ఎరుపు పట్టేస్తుంది. యేసయ్య నడుముకు కట్టుకున్న తువాలు తెల్లగా ఉండాలి కదా! మా స్వర్ణముఖి ఏట్లో చుక్క లేదు. రెండు బోర్ల దగ్గర కుదరదన్నారు. మూడోచోట ముక్కూ మొహం తెలియని పెద్దాయన నా మాట సగం విని, "కరెంటు రాత్రి పదకొండుకి వస్తాది, రా పాపా" అన్నాడు.

మేం పోయేసరికి టార్చిలైటు పట్టుకుని గట్టు మీద కూర్చోనున్నాడు. వరిమడికి పోయే నీళ్లను మడవ తిప్పి కాలవలోకి వదిలాడు. పంచె ఎగ్గట్టి తానే దిగి రెండో కొస పట్టుకున్నాడు. గుడ్డ ఆగకూడదు తాతా, ఆడుతుండాల అని ఒక్కసారి చెప్పాను. రెండు గంటలు ఆయన చేతులు ఆగలేదు.

మధ్యలో టార్చి వెలుగు బొమ్మ మీద పడింది.

"ఎవురు పాపా, వొంగి కాళ్లు కడిగేది?"

"మా సామి తాతా. వాళ్లు ఆయన శిష్యులు."

కాసేపు మాట్లాడలేదు. "సామే కడుగుతా ఉండాడా" అని, బురద తగలకుండా కొసను ఇంకాస్త ఎత్తి పట్టుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. డబ్బులియ్యబోతే, "నీళ్లకు లెక్కేంది, పోయి గుడ్డ ఆరబెట్టుకో" అన్నాడు. ఆ రాత్రి ఆయన మడి సగమే తడిసింది.

మా ఇంటాయన, పిల్లలు, అత్తమ్మ ఎటూ నాతోనే ఉన్నారు.

ఒక మాట మనసులో ఆగడం లేదు. 1950లలో, చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ గారి చొరవతో మళ్లీ ప్రాణం పోసుకున్న పని ఇది. భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) ఉందని అందరూ గొప్పగా చెబుతారు. గుడ్డ జాడించుకోను ఒక కాలవ మాత్రం లేదు. ఏట్లో ఇసుక తోడేశారు, మిగిలిన గుంటల్లో మురుగు. చేతిపని వాళ్ల కార్డుకు మూడుసార్లు అర్జీ పెట్టాను, మూడుసార్లూ ఏదో ఒక కాగితం తక్కువన్నారు. నల్లబడిన ఈ వేళ్లు చూస్తే చాలదా?

పాస్టరు గారికి, తాళ్లు కట్టిన యూత్ తమ్ముళ్లకు వందనాలు. తడిగుడ్డతో అర్ధరాత్రి ఇల్లు చేర్చి బాడుగ తీసుకోని ఆటో అన్నకు కూడా. గుడ్డ నానబెట్టను కరక్కాయలో కలిపే గేదె పాలు అప్పిచ్చిన పక్కింటి వదినను మరిచేదాన్నే!

తాతా, నీ పేరు కూడా అడగలేదు. ఈస్టరు రోజు ఆరాధన అయ్యాక నీ బోరు కాడికి వస్తాను, గుడ్డ ఫొటో తీసుకుని.

అయ్యో, బొమ్మ గీసే బొగ్గుకు చింతపుల్లలు ఏరి తెచ్చిన ఎదురింటి పిల్లోళ్లు! మీకూ వందనాలు నాయనా.