‘ఇవాళ రావొద్దు’ అని ఊరు చెప్పగలిగే యాప్ కావాలి

గౌరవనీయులైన తెలంగాణ పర్యాటక శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది హనుమకొండ. యాప్‌లు డిజైన్ చేయడం నా పని. ఉమ్మడి వరంగల్, ఆదిలాబాద్ జిల్లాల కోసం ప్రభుత్వమే ఒక ప్రయాణాల యాప్ తయారు చేయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. హోటల్ గదులు, బోటు టికెట్లు బుక్ చేసుకునే దారులు ఇప్పటికే ఉన్నాయి, వాటిని అట్లాగే ఉండనివ్వండి. ఒక ఊరి పనిని, తిండిని, పండుగను దగ్గరగా చూడాలనుకునేవాళ్లను ఆ ఊరి మనుషులతో నేరుగా కలిపే యాప్ మనకు కావాలి. ఎప్పుడు రావచ్చు, ఎంతమంది రావచ్చు, దేనికి ఎంత ఇవ్వాలి అనేవి ఆ ఊరే తేల్చాలి. ‘ఇవాళ రావొద్దు’ అని చెప్పే హక్కు కూడా ఊరి చేతుల్లోనే ఉండాలి.

2021 జూలై 25న రామప్ప గుడి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. మా జిల్లాలవాళ్లకు అది మరచిపోలేని రోజు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడిని ప్రపంచమంతా గుర్తించిందన్న గర్వం మాకు ఇప్పటికీ ఉంది. కానీ సెలవు రోజున ఆ గుడి ఉన్న పాలంపేటకు వెళ్లి చూడండి. పొద్దున హైదరాబాద్ నుంచి కార్లు బయలుదేరి వస్తాయి. గుడి దగ్గర ఒక గంట, ఫోటోలు, అటు నుంచి లక్నవరం వేలాడే వంతెన, చీకటి పడేసరికి తిరుగు ప్రయాణం. భోజనం హైవే మీద, నిద్ర హైదరాబాద్‌లో. పాలంపేటకు మిగిలేది పార్కింగు, కొబ్బరికాయలు, చాయ్. గుడితో పాటు కాకతీయుల కాలం నాటి చెరువు కూడా ఆ ఊళ్లో ఉంది, దాని నీళ్లతో ఇవాళ్టికీ పొలాలు పారుతున్నాయి. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ పొలానికి ముందు నీళ్లు పోవాలో తెలిసిన రైతులు ఆ కట్ట మీదే కనిపిస్తారు. నాట్ల కాలంలో వాళ్లతో ఒక పూట గడిపి, మధ్యాహ్నం వాళ్లింట్లో సర్వపిండి తిని రావడానికి సంతోషంగా డబ్బులిచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. అయితే ఆ రైతు వీళ్లకు దొరకడు, వీళ్లు వస్తున్నట్టు ఆ రైతుకు తెలియదు.

గతంలో నేను పనిచేసిన ఒక కంపెనీలో ప్రయాణాల యాప్ తయారైంది. ఎక్కువ మంది నొక్కే ఫోటో పైన, మిగతావి కింద. ఒక ఊరి పేరు యాప్‌లో పెట్టేముందు ఆ ఊరిలో ఒక్కరినైనా అడగాలన్న ఆలోచన ఆ మీటింగుల్లో ఎవరికీ రాలేదు. ప్రైవేటు యాప్‌లు చాలావరకు ఇట్లాగే నడుస్తాయి, ఎందుకంటే వాటికి డబ్బులిచ్చేది వచ్చేవాళ్లే తప్ప ఊరు కాదు. ప్రభుత్వం చేస్తేనే ఊరి వైపు నుంచి ఆలోచించే యాప్ వస్తుందని నా నమ్మకం.

ఊరిని అడగకపోతే ఏమవుతుందో 2023 జూలైలో మనమంతా చూశాం. ములుగు జిల్లా వెంకటాపురం మండలం వీరభద్రవరం దగ్గర ముత్యంధార జలపాతం చూడడానికి వెళ్లిన సుమారు 80 మంది, వాన ముదిరి వాగు పొంగడంతో అడవిలోనే చిక్కుకుపోయారు. రాత్రంతా కష్టపడి సహాయక బృందాలు వాళ్లను బయటికి తెచ్చాయి. అవే వానల్లో ఏటూరునాగారం మండలం కొండాయిలో జంపన్నవాగు ప్రాణాలు తీసింది. పైన వాన పడితే కింద వాగు ఎంతసేపట్లో లేస్తుందో ఆ పక్క గూడెం మనుషులకు బాగా తెలుసు. రీల్ చూసి బయలుదేరినవాళ్లకు మాత్రం చెప్పే దారి లేదు. గూడెంలో ఒకరి ఫోన్‌లో ఆ జలపాతాన్ని ‘మూసి ఉంది’ అని మార్చే మీట ఉంటే, హనుమకొండలో కారెక్కకముందే ఆ సంగతి అందుతుంది. అటవీ శాఖ బొగత జలపాతాన్ని వానాకాలంలో మూసినప్పుడు కూడా అదే మీట పనికొస్తుంది. ఇప్పుడైతే చాలామందికి గేటు దాకా వెళ్లాక తెలుస్తుంది. అంత దూరం పోయి వట్టి చేతులతో తిరిగి రాలేక, పక్క తొవ్వల్లోంచి లోపలికి దూరేవాళ్లూ ఉంటారు.

కాకతీయుల చెరువుల కింద ఊళ్లకు నీరటి ఉండేవాడు. చెరువులో నీళ్లెన్ని ఉన్నాయి, కింద ఆయకట్టు ఎంత ఉంది అని చూసుకుని తూము ఎంత ఎత్తాలో ఆయనే చూసేవాడు. ఈ యాప్‌లో ప్రతి ఊరికీ అటువంటి మనిషి ఒకరు కావాలి, ఆ మనిషిని ఊరే ఎన్నుకోవాలి. రోజుకు ఇరవై మంది చాలని ఊరు అంటే ఇరవై ఒకటో బుకింగ్ తీసుకోకూడదు. ఊటీ, కొడైకెనాల్ విషయంలో మద్రాస్ హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి వచ్చే వాహనాలకు ఈ-పాస్ పెట్టాల్సి వచ్చింది. కోర్టు చెప్పేదాకా, కొండలు ట్రాఫిక్‌తో నిండిపోయేదాకా ఆగాల్సిన అవసరం మనకు లేదు.

ఊరిని అడగడం ఏజెన్సీలో మర్యాదతో ఆగేది కాదు, అక్కడ గ్రామసభ మాటకు చట్టం బలం ఉంది. తాడ్వాయి, ఏటూరునాగారం, వాజేడు, ఉట్నూరు, ఇంద్రవెల్లి వంటి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో తమ సంప్రదాయాలను, ఉమ్మడి వనరులను కాపాడుకునే అధికారాన్ని 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ఇచ్చింది. కాబట్టి గ్రామసభ తీర్మానం లేనిదే ఏ గూడెం పేరూ యాప్‌లో రాకూడదు. తీర్మానం అంటే సంతకాల కాగితం ఒకటి ఫైల్లో పెట్టుకోవడం అనుకునే అధికారులు కొందరున్నారు, అందుకే ఈ మాట గట్టిగా అంటున్నాను. ఏం చూపించాలి, ఏం చూపించకూడదు అన్న జాబితా గ్రామసభలోనే, వాళ్ల భాషలోనే తయారు కావాలి.

చూపించకూడనివి ఉంటాయి. మేడారం జాతరలో సమ్మక్కను చిలకలగుట్ట నుంచి తెచ్చేది కోయ వడ్డెలు, అంటే పూజారులు. ఆ గుట్ట మీది పూజ వాళ్లది, పటంలో అక్కడ గుర్తు పెట్టి తొవ్వ చూపించే పని ఏ యాప్‌కూ లేదు. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశంవాళ్లు కొత్త కోడళ్లను దేవునికి పరిచయం చేసే భేటింగ్ ఉంటుంది. అది ఒక కుటుంబం తన దేవుని ముందు నిలబడే ఘడియ. కెమెరాలు ఎంత దూరంలో ఆగాలో మెస్రం పెద్దలు చెప్పాలి, యాప్ ఆ మాటను వచ్చేవాళ్లందరికీ ముందే వినిపించాలి. గోండి, కోయ భాషల్లో పెద్దల గొంతుతోనే రికార్డు చేసి, కింద తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ రాతలు పెట్టొచ్చు. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో వెలుగు చూసిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో, అంటే ఫోన్లు, కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే ప్రమాణంలో చేరింది. ఆ లిపిలో ఊరి పేర్లు రాయడానికి ఇప్పుడు సాంకేతికంగా అడ్డేమీ లేదు. తన ఊరి పేరు తన లిపిలో ఫోన్ మీద కనిపిస్తే గోండు పిల్లలకు ఎంత సంతోషమో ఆలోచించండి.

పండుగల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో భయం చెప్పాలి. అసలైన అనుభవం కావాలని అడిగేవాళ్లు పెరిగేకొద్దీ దాన్ని రోజూ తయారు చేసి పెట్టే దుకాణాలు పుట్టుకొస్తాయి. ఏ నెలలో వచ్చినా రిసార్టులో బతుకమ్మ ఆట, ఏ రోజు వచ్చినా జాతర డప్పులు. బతుకమ్మ తంగేడు, గునుగు పూసే కాలానిది. బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర వేలమంది ఆడబిడ్డలు ఆడేది తమ కోసం. మే నెలలో వచ్చే అతిథికి యాప్ ‘బతుకమ్మ ఇప్పుడు లేదు’ అని చెప్పాలి. బదులుగా ఆ నెలలో ఊళ్లో నిజంగా ఏం జరుగుతోందో చూపించాలి. అడవి ఊళ్లలో తునికాకు సేకరణ ఉంటుంది, ఇళ్లలో మామిడికాయ తొక్కు పెడతారు. సంక్రాంతికి ముందయితే ఇంటింటా సకినాలు చుడతారు, ఐనవోలులో మల్లన్న జాతర మొదలవుతుంది. ఊరి ఏడాదిని పట్టుకుని నడిచే క్యాలెండరే ఈ యాప్‌కు మొదటి పేజీ కావాలి.

చేతిపనుల ఊళ్లకు దీనితో తొందరగా మేలు జరుగుతుంది. హైదరాబాద్ నుంచి వరంగల్ వచ్చే కార్లు చాలావరకు పెంబర్తి మీదుగానే పోతాయి. 2023లో కేంద్ర పర్యాటక శాఖ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసిన ఊరది. ఇత్తడి రేకు మీద ఉలితో బొమ్మ ఎట్లా లేస్తుందో చూపించడానికి ఈ పూట ఎవరింట్లో వీలుందో దారిన పోయేవాళ్లకు తెలిస్తే చాలు, బండి ఆగుతుంది. చేర్యాలలో బొమ్మలు వేసే నకాషీలు, వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లు, జైనూరు మండలం ఉషేగావ్‌లో డోక్రా లోహపు బొమ్మలు పోతపోసే ఓజాలు, అందరికీ ఇదే వర్తిస్తుంది.

నిర్మల్ బొమ్మల దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. ఆ బొమ్మకు ప్రాణం పొనికి కర్ర. తేలికగా ఉంటుంది, చెక్కడానికి మెత్తగా లొంగుతుంది. అడవిలో పొనికి చెట్లు తగ్గిపోయి, కర్ర దొరకడమే కళాకారులకు కష్టమవుతోంది. యాప్ వల్ల గిరాకీ రెండింతలయితే కర్ర ఎక్కడి నుంచి వస్తుంది? అమ్ముడుపోయిన ప్రతి బొమ్మ మీద కొంత సొమ్ము పొనికి మొక్కలు పెంచడానికి పక్కన పెట్టే లెక్క మొదటి రోజు నుంచే ఉండాలి. అటవీ శాఖ ఈ ఏడాది ఎంత కర్ర ఇవ్వగలదో, యాప్ అంతకు మించి ఆర్డర్లు తీసుకోకూడదు. కొనేవాళ్లకు ఆలస్యమవుతుందని చెబితే అర్థం చేసుకుంటారు. చెట్టు పెరగడానికి ఏళ్లు పడుతుందని ఎవరికి తెలియదు?

ఇక డిజైన్ సంగతులు, నా వృత్తి కాబట్టి కొన్ని కచ్చితంగా చెప్పగలను. స్టార్ రేటింగ్ వద్దు. ఇంగ్లిష్ మాట్లాడే ఇంటికి అయిదు స్టార్లు, మాట తక్కువ కానీ వంట అద్భుతంగా చేసే అవ్వ ఇంటికి మూడు స్టార్లు వస్తాయి, ఆ తర్వాత ఆ అవ్వ ఇల్లు ఎవరికీ కనిపించదు. ఊళ్లో ఒప్పుకున్న ఇళ్లన్నీ వంతులవారీగా రావాలి. ఫిర్యాదులు ఉంటే ఊరు ఎన్నుకున్న మనిషికి, మహిళా సంఘానికి పోవాలి. పేరు నమోదు చేసుకోవడానికి టైప్ చేయక్కర్లేదు, ఫోన్ చేసి తెలుగులో మాట్లాడితే చాలని ఏర్పాటు ఉండాలి. తాడ్వాయి అడవిలో సిగ్నల్ నమ్ముకోలేం, అందుకే పటం, బుకింగ్ వివరాలు నెట్ లేకున్నా తెరుచుకోవాలి. డబ్బు యూపీఐ ద్వారా నేరుగా ఆ ఇంటి ఖాతాలోకే పోవాలి, మధ్యలో కమీషన్ ఉండకూడదు. యాప్ నడిపే ఖర్చు శాఖే భరించాలి, రోడ్డు వేసినట్టే ఇదీ ప్రజల సొత్తు.

బస్సు సంగతి అందరూ మరచిపోతారు. పర్యాటకం అంటే కారు అనే లెక్కతోనే యాప్‌లన్నీ తయారవుతున్నాయి. 2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. బస్సు ఎక్కడుందో చూపించే గమ్యం యాప్ కూడా ఆర్టీసీకి ఉంది. ఈ రెండింటినీ మన యాప్‌తో కలిపితే హనుమకొండలో డిగ్రీ చదివే అమ్మాయిలు నలుగురు కలిసి చేర్యాలకు పోయి బొమ్మలు వేయడం నేర్చుకుని రావచ్చు. వాళ్లకు టెన్షన్ ఒక్కటే, తిరిగి వచ్చే చివరి బస్సు ఎప్పుడు అని. ప్రతి ఊరి పేజీలో అన్నిటికన్నా పైన ఆ సమయం రాయాలి. కార్లు తగ్గితే అడవికీ మంచిది, చెరువు కట్టకూ మంచిది.

కేరళలో 2008లో కుమరకోం వంటి చోట్ల బాధ్యతాయుత పర్యాటకం మొదలుపెట్టినప్పుడు, హోటళ్లకు కూరగాయలు చుట్టుపక్కల మహిళా సంఘాల నుంచే కొనేలా ఏర్పాటు చేశారు. మన దగ్గర మహిళా సంఘాలు అంతకన్నా తక్కువవేమీ కావు. పర్యాటక విధానాల్లో మంచి మాటలు చాలా ఉంటాయి, వాటిని ఊళ్లో అమలు చేసే చేతులు ఈ సంఘాలవే.

నా విన్నపం చిన్నది. ఒకేసారి రాష్ట్రమంతా వద్దు. పాలంపేట, పెంబర్తి, ఉషేగావ్ ఈ మూడు ఊళ్లతో మొదలుపెట్టండి. యాప్ మొదటి స్క్రీన్ గీయకముందే మూడు చోట్లా గ్రామసభ పెట్టించండి. మీ అధికారులు మాట్లాడడానికి కాకుండా వినడానికి రావాలి. డిజైన్ పని నేను ఉచితంగా చేస్తాను, నాతో పాటు చేయడానికి ముందుకొచ్చే పిల్లలు వరంగల్ కాలేజీల్లో చాలామంది ఉంటారు. ఒక ఏడాది గడిచాక అవే గ్రామసభల్లో లెక్క చెప్పాలి: ఎంతమంది వచ్చారు, ఏ ఇంటికి ఎంత ముట్టింది, చెత్త ఎంత మిగిలింది, ఏ రోజుల్లో ‘రావొద్దు’ అన్నారు, ఆ మాట నిలబడిందా లేదా. లెక్క విన్నాక మాకు వద్దని ఏ ఊరైనా తీర్మానం చేస్తే, ఆ వారంలోనే ఆ ఊరి పేజీ తీసేస్తామని ఇప్పుడే రాతపూర్వకంగా హామీ ఇవ్వండి.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక యాప్ డిజైనర్