పడవ స్పీడోమీటరును విప్పడం నేర్పిన మీకు కృతజ్ఞతలు

పాత పడవ స్పీడోమీటరును పాడుచేయకుండా విప్పే పద్ధతిని ఓపికగా వివరించి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన మీకు నా హృదయపూర్వక కృతజ్ఞతలు. అద్దాన్ని పట్టి ఉంచే లోహపు కట్టు అంచును ఒకేచోట బలంగా ఎత్తితే చిరుగుతుందనీ, చుట్టూ తిరుగుతూ కొద్దికొద్దిగా లేపాలనీ, ముల్లు తీసే ముందు అది నిలిచిన చోటును గుర్తు పెట్టుకోవాలనీ మీరు చెప్పిన తీరు వల్లే, పెచ్చులూడుతున్న డయల్ రంగు సైతం దక్కింది. పిటాట్ ట్యూబులోకి, అంటే నీటిలో ముందువైపు తెరిచి ఉండే సన్నని గొట్టంలోకి, తోసుకొచ్చే నీటి ఒత్తిడి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుందనీ, అంటే వేగం 2 రెట్లయితే ఒత్తిడి 4 రెట్లవుతుందనీ, అందుకే తక్కువ వేగాల దగ్గర ముల్లు బద్ధకంగా కదలడం జబ్బు కాదనీ మీరు విడమరచి చెప్పడంతో, ఒత్తిడికి విచ్చుకుని ముల్లును కదిపే వంపు గొట్టమైన, బాగున్న బోర్డన్ ట్యూబు జోలికి వెళ్లలేదు. పిటాట్ ట్యూబు నుంచి వచ్చే గొట్టాన్ని మీటరు నుంచి వేరు చేశాకే, దాన్ని శుభ్రం చేయడానికి గాలి ఊదాలన్న హెచ్చరిక, నా దృష్టిలో, అన్నిటికన్నా విలువైనది.