కొయ్యింగ కడుపులో ఏముంది

తాళ్ళరేవు

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? పిల్లలకి బడులు తెరిచేశారా? మొన్న ఫోన్లో నీకు జవాబు సగమే చెప్పాను, ఈలోగా చార్జింగ్ చచ్చింది. "మడ అడవుల్లేకపోతే చేపల్లేవంటారు కదా, మరి చేపలు ఆకులు తింటాయేంట్రా?" అన్నావు. తినవురా బాబూ, దాదాపు ఏదీ తినదు. మడ ఆకు వగరు, గట్టి. పీతలు కొంత చింపుతాయి, మిగతాది బురదలో పడి కుళ్ళి నలుసులవుతుంది. ఆ నలుసుల మీదే కాలవలన్నీ బతుకుతాయని మనం చదువుకున్నాం.

కానీ 2000 ప్రాంతంలో ఆంధ్రా యూనివర్సిటీ వాళ్ళూ బెల్జియం వాళ్ళూ కలిసి మన కోరింగ కాలవల్లోనే పరీక్ష చేశారు. తిన్న తిండి తాలూకు కార్బన్ గుర్తు ఒంట్లో మిగిలిపోతుంది కదా, దాన్ని పట్టుకుని నత్తలూ పీతలూ ఏం తింటున్నాయో ఆరా తీశారు. చాలావాటిలో మడ ఆకు వాటా తక్కువే తేలింది. బురద మీద పెరిగే నాచూ, నీళ్ళలో తేలే నాచూ ఎక్కువ. అయితే మడచెట్టు దండగని కాదురా. ఆ వేర్ల మధ్య పిల్లచేపకి నీడ, పెద్దచేప దూరలేని సందు, కదలని బురద, ఇవన్నీ చెట్టువల్లే. అన్నం మాత్రం ఎక్కువగా వేరేచోట ఉడుకుతోంది.

మొన్న మా అత్తయ్య కత్తిపీట ముందేసుకుని కొయ్యింగ చేపలు బాగుచేస్తుంటే, పొట్టలు నాకిమ్మన్నాను. "ఆటినేం చేసుకుంటావురా, పిల్లికైనా పెట్టు" అని ఒకటే నవ్వు. కడుపు చివర కోడి కందనకాయలా గట్టి కండ. కోస్తే బూడిదరంగు ముద్ద వచ్చింది, వేళ్ళతో నలిపితే ఇసక గరగరమంది. కాలేజీ మైక్రోస్కోప్ కింద పెడితే గాజుపెంకుల డయాటమ్‌లు, అంటే కంటికి ఆనని సన్న నాచు, విరిగినవి కొన్ని, గోధుమరంగులో మెరుస్తూ కొన్ని. దీనికి చెప్పుకోదగ్గ పళ్ళు లేవు. మింగిన ఇసకే ఆ కండలో తిండిని నూరుతుంది. పేగైతే ఒంటికి కొన్నిరెట్ల పొడుగు, తీస్తుంటే వస్తూనే ఉంది!

ఇసక దొందు చేప సంగతి వేరు. కింది దవడ ముందుకి పొడుచుకొచ్చి, చూడ్డానికే కయ్యానికొచ్చినట్టుంటుంది. అడుగున కదలకుండా పడుకుని, రొయ్యపిల్లో చిన్నచేపో దగ్గరికొస్తే గుటుక్కుమనిపిస్తుంది. నెత్తళ్ళు నీళ్ళలోని సన్న పురుగుల్ని మొప్పలతో వడకట్టుకుంటాయి. ఇక బురద మీద గెంతే కళ్ళచేపలున్నాయి చూడు, వాటిలో ఒక రకం నాచు గీక్కుంటుంది, ఇంకోటి పీతపిల్లల్ని వేటాడుతుంది.

వీటన్నిటినీ తినడానికి పండుగప్ప ఉంది, కొంగలున్నాయి, రాత్రయితే బావురుపిల్లి ఉంది. అభయారణ్యంగా 1978లో ప్రకటించిన కోరింగ 235 చదరపు కిలోమీటర్లలో బావురుపిల్లి దొరగారిలా తిరుగుతోందంటే, ఈ చిల్లర చేపల పుణ్యమే. కొయ్యింగది ఇంకో గొప్ప. సముద్రంలో గుడ్లు పెడుతుంది, పిల్లలు కాలవల్లోకొచ్చి బురద నాచు తిని బలుస్తాయి, ఈడొచ్చాక మళ్ళీ సముద్రానికెళ్ళిపోతాయి. మన బురద సారమంతా అలా మోసుకుపోతాయన్నమాట. పులసకి పాటలు కట్టినవాళ్ళు దీన్ని పట్టించుకోరేంటో!

వరదొస్తే లెక్క తారుమారు. ధవళేశ్వరం దాటి ఎర్రనీళ్ళు దిగగానే ఉప్పు తగ్గిపోతుంది, ఎండ అడుక్కి దిగదు, నాచు పల్చబడుతుంది. సముద్రపు రకాలు వెనక్కి జరిగితే, జెల్లల్లాంటివి ముందుకొస్తాయి. వేసవిలో ఇది తిరగబడి ఉప్పు పైకెక్కుతుంది.

నాకు మండేది మాత్రం దోమతెర వలలురా. వెనక టైగర్ రొయ్య పిల్లల కోసం కాలవలన్నీ జల్లించి, రొయ్యపిల్లని ఏరుకుని, మిగతా పిల్లచేపలన్నీ గట్టుమీద పారబోసేవాళ్ళు. ఇప్పుడు దీపావళి రోజుల్లో చీరమేను అనే సన్న పిల్లచేపలు. చీరలతో పట్టి, గ్లాసుల్లెక్కన అమ్ముతారు. ఒక్క గ్లాసులో ఎన్ని పిల్లచేపలుంటాయో లెక్కేసుకో. పట్టేవాడికి అదే పూట గడిచే దారి కాబట్టి వాడినేమీ అనలేను. బంగారం ధర పెట్టి కొనేవాళ్ళని చూస్తేనే ఒళ్ళు మండుతుంది. మా ఇంట్లోనూ మావయ్యకి అది లేకపోతే పండగ కాదు, ఏటా మా ఇద్దరికీ గొడవే.

వచ్చే నెల వస్తానన్నావుగా. పొద్దున పోటు తగ్గే వేళకి కోరింగ చెక్కబాట మీద నిలబడితే కళ్ళచేపల కొట్లాటలు చూడొచ్చు, కెమెరా తెచ్చుకో. రబ్బరు చెప్పులు తేకు, బురదలో ఊడిపోతాయి. అత్తయ్య దొందుల పులుసు వండుతానంది, కారం తగ్గించమని ముందే చెప్పి ఉంచాను.

ఉంటాన్రా,
నీ వెంకట్