‘ఈ పిల్లలింతే’ అని వదిలేయకండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా మార్చి 21న ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినోత్సవం వచ్చినప్పుడు పత్రికలు ఈ పిల్లల గురించి రాస్తున్నాయి. అలాంటి పాపను పెంచుతున్న తల్లిగా అందుకు నాకు సంతోషమే. 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉండటం వల్ల ఈ స్థితి ఏర్పడుతుందనీ, అందుకే మూడో నెల 21వ తేదీని ఎంచుకున్నారనీ, 2012 నుంచి ఐక్యరాజ్య సమితి ఆ రోజును పాటిస్తోందనీ ఆ వ్యాసాల వల్లే చాలామందికి తెలిసింది. అయితే ఆ కథనాల్లో ఎక్కువ భాగం కన్నవారి దుఃఖం గురించో, లేదంటే పెద్దయ్యాక పతకమో ఉద్యోగమో సాధించిన వారి గురించో ఉంటాయి. ఈ రెంటికీ నడుమ, పొద్దున పిల్లను నిద్ర లేపినప్పటి నుంచి రాత్రి పడుకోబెట్టేదాకా ఇంట్లో సాగే జీవితం గురించి చదివిన గుర్తు నాకు లేదు. ఈ పిల్లలకు పెద్ద నష్టం జరుగుతున్నది ఆ రోజువారీ జీవితంలోనే. పిల్ల పిలిస్తే పలకకపోయినా, పగలంతా చిరాకు పడుతున్నా, ఒళ్లు పెరిగి మందకొడిగా ఉన్నా, అన్నిటికీ డౌన్ సిండ్రోమే కారణమని తేల్చేసి ‘ఈ పిల్లలింతే’ అని ఊరుకోవడం ఇంట్లోనూ బయటా అందరికీ అలవాటైపోయింది. చికిత్సతో నయమయ్యే ఇబ్బందులు ఎన్నో ఆ మాట చాటున ఏళ్ల తరబడి దాగి ఉంటున్నాయి.

మా పాపకు ఇప్పుడు నాలుగేళ్లు. రెండేళ్లు దాటిన తర్వాత కూడా వెనక నుంచి పిలిస్తే తిరిగి చూసేది కాదు. ఎదురుగా కూర్చుని మాట్లాడితే మాత్రం కన్నార్పకుండా నా పెదవులనే చూసేది. ధ్యాస తక్కువని, ఇలాంటి పిల్లల్లో అది మామూలేనని చూసినవారందరూ చెప్పారు. వారిలో వైద్యం తెలిసినవారూ ఉన్నారు. ధ్యాస లేని పిల్ల పెదవులను అంత శ్రద్ధగా ఎందుకు చూస్తుందన్నది నా సందేహం. చివరికి ఈఎన్‌టీ డాక్టరు పరీక్ష చేసి, రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక జిగురులాంటి ద్రవం పేరుకుని ఉందని, నీళ్లలో మునిగినవారికి ఒడ్డు మీది మాటలు వినిపించినట్టుగా మా మాటలు ఆమెకు వినిపిస్తున్నాయని చెప్పారు. ఈ పిల్లలకు చెవి రంధ్రాలు సన్నగా ఉంటాయి. మధ్యచెవిని గొంతుతో కలిపే నాళం కూడా ఇరుకుగా, బిగువు లేకుండా ఉండటంతో ద్రవం బయటికి పోక అక్కడే నిలిచిపోతుంది. కర్ణభేరిలో సన్నని గొట్టం అమర్చడమో, కొంతకాలం వినికిడి యంత్రం వాడటమో దీనికి మార్గం. మా పాపకు గొట్టాలు అమర్చారు. ఆ తర్వాత ఒకనాడు పక్క గదిలో తలుపు గొళ్లెం తీసిన చప్పుడుకు ఆమె చేతిలోని బొమ్మ వదిలేసి అటు తిరిగి, ఎవరొస్తారా అని చూస్తూ నిలబడింది. అంతకు ముందు ఆ చప్పుడు ఆమెకు అందేది కాదు.

మాట నేర్చుకునే వయసులో మెత్తని హల్లులు చెవిన పడకపోతే ఏ పిల్లకైనా మాట ఆలస్యమవుతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లకు ఆలస్యమైతే దాన్ని బుద్ధి లోపం కింద జమ కట్టేస్తారు. చెవి పరీక్ష పుట్టినప్పుడు ఒకసారి చేయించి ఊరుకుంటే చాలదు. ద్రవం ఎప్పుడైనా చేరవచ్చు, తగ్గి మళ్లీ రావచ్చు. పసితనంలో ఆరు నెలలకొకసారి, తర్వాత ఏటా చూపించుకోవలసిందే.

నిద్ర విషయంలోనూ ఇదే జరుగుతోంది. ఈ పిల్లల్లో చాలామంది మెడ బాగా వెనక్కి వాల్చి పడుకుంటారు, లేదా కూర్చుని ముందుకు మడుచుకుని నిద్రపోతారు. చూసేవారికి అది ముచ్చటగా ఉండవచ్చు గానీ, శ్వాస ఆడక, గాలి దారి తెరుచుకోవడానికి పిల్ల తనంతట తాను వెతుక్కున్న భంగిమ అది. గాలి వెళ్లే దారి ఇరుకుగా ఉండటం, టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్లు అడ్డుపడటం, గొంతు కండరాలు వదులుగా ఉండటం వల్ల సగం మందికి పైగా నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంది. రాత్రంతా అలా నలిగిన పిల్ల పగలు మొండికేస్తే, చెప్పినది వినకపోతే, అది ఆమె స్వభావమనుకుంటాం. గురక వినిపించకపోయినా నాలుగేళ్లు నిండేలోపు ఒకసారి నిద్ర పరీక్ష చేయించాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం సూచించింది. పక్కనే పడుకున్న తల్లి కూడా గుర్తుపట్టలేనంత నిశ్శబ్దంగా ఈ సమస్య ఉండగలదు కనుకనే ఆ సూచన.

థైరాయిడ్ లోపం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దాని లక్షణాలు, లోకం ఈ పిల్లలకు అంటగట్టిన లక్షణాలు దాదాపు ఒక్కటే. మందకొడితనం, మలబద్ధకం, పొడిబారిన చర్మం, ఎదుగుదల మందగించడం, ఒళ్లు రావడం చూసి ఇంకేదో అనుమానించాలని ఎవరికీ తోచదు. పుట్టినప్పుడు, ఆరో నెలలో, ఏడాదికి, ఆ పైన ఏటా ఒక రక్తపరీక్ష చేయిస్తే అది బయటపడుతుంది, రోజూ ఒక మాత్రతో అదుపులో ఉంటుంది. ఇక గుండె సంగతి డాక్టర్లు బాగానే చెబుతున్నారు. దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది కాబట్టి, స్టెతస్కోప్‌కు ఏ తేడా వినిపించకపోయినా ఎకో పరీక్ష (గుండె స్కాన్) తప్పనిసరి. వైద్యం బాగా అందే దేశాల్లో 1980ల తొలినాళ్లలో 25 ఏళ్లు మాత్రమే ఉన్న వీరి సగటు ఆయుర్దాయం ఇప్పుడు దాదాపు 60కి చేరడానికి ముఖ్య కారణాల్లో పసితనంలోనే గుండెకు చేసే శస్త్రచికిత్స ఒకటి.

తల్లిదండ్రులందరికీ తెలిసి తీరవలసిన విషయం మరొకటి ఉంది. మెడలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య పట్టు ఈ పిల్లల్లో వదులుగా ఉండవచ్చు. బాగా నడిచే పిల్ల తడబడి నడవడం మొదలుపెడితే, మెడ ఒక పక్కకు వాల్చి ఉంచితే, పక్క తడపడం మానేసిన పిల్ల మళ్లీ తడుపుతుంటే, చేతుల్లో పట్టు తగ్గితే అది మొండితనమనో, వెనకబాటుతనమనో అనుకోకుండా ఆలస్యం లేకుండా డాక్టరుకు చూపించాలి. వెన్నుపాము నలుగుతోందనడానికి అవి గుర్తులు కావచ్చు. చెవి విషయంలో ఆలస్యమైతే కొన్ని మాటలు వెనకబడతాయి, ఇక్కడ ఆలస్యమైతే నడకే పోవచ్చు.

అన్నీ చికిత్సతో పోతాయని నేను చెప్పడం లేదు. కండరాల బిగువు తక్కువగా ఉండటం ఈ స్థితిలో భాగమే. పసికందుగా మా పాప పాలు చప్పరించడానికే అలసిపోయేది. మెడ నిలపడం, కూర్చోవడం, నిలబడటం అన్నీ ఆలస్యంగానే వచ్చాయి. ఈ పిల్లలు సాధారణంగా రెండేళ్లు వచ్చేసరికి గానీ నడవరు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఫిజియోథెరపిస్టు మాకు నేర్పిన పనులన్నీ చిన్నవే: కాళ్లు బార్లా చాపి కూలబడకుండా పిరుదులకు రెండు పక్కలా ఆసరా ఇవ్వడం, ఇష్టమైన బొమ్మను చేతికి అందీ అందని దూరంలో పెట్టడం, మెట్టు ఎక్కేటప్పుడు చెయ్యి పట్టుకుని లాగకుండా నడుము దగ్గర మాత్రం ఆనించి ఉంచడం. ఇప్పుడు ఉదయం చెప్పులు తనే తొడుక్కుంటుంది. పట్టీ అంచును బొటనవేలితో నొక్కి, నాలుక కొంచెం బయటపెట్టి, అది జారిపోతే మళ్లీ పట్టుకుని, అంటుకున్నాక అరచేత్తో రెండుసార్లు తట్టి చూసుకుంటుంది. ఆ సమయంలో నా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటమే ఆ రోజు నేను చేసే కష్టమైన పని. తొందరలో నేను తొడిగేస్తే బస్సు అందుతుంది గానీ, ఆమెకు దక్కవలసిన అభ్యాసం పోతుంది.

ఓపికగా ఆగవలసింది చెప్పుల దగ్గరే కాదు, మాట దగ్గర మరింతగా ఆగాలి. వీరికి అర్థమయ్యేది ఎక్కువ, పలకగలిగేది తక్కువ. చెవితో విన్నదాని కన్నా కంటితో చూసినది వీరి మనసులో బాగా నిలుస్తుంది. అందువల్లే మాటలు రాక ముందు సైగలు, బొమ్మల కార్డులు ఎంతో సాయపడతాయి. సైగలు నేర్పితే మాట రాదేమోనని మా పెద్దవారు భయపడ్డారు, కానీ చెప్పదలచుకున్నది చెప్పగలిగాక మా పాప ఏడుపు తగ్గింది, మాట కూడా ఆ సైగల వెంటే వచ్చింది. ఎవరైనా పేరు అడిగితే ఆమె ముందు వారి ముఖం చూస్తుంది, ఊపిరి తీసుకుంటుంది, పెదవులు కూడదీసుకుంటుంది. సరిగ్గా ఆ క్షణంలోనే అడిగినవారు నావైపు తిరిగి, ‘మాటలు రావా అమ్మా?’ అంటారు. మనసులో పది అంకెలు లెక్కపెట్టుకునేంత సేపు ఆగితే జవాబు ఆమే చెబుతుంది. ఆమె గురించి ఆమె ముందే, ఆమె లేనట్టుగా మాట్లాడటం మానుకోవాలని పెద్దలందరినీ కోరుతున్నాను, ఎందుకంటే ఆ మాటలన్నీ ఆమెకు అర్థమవుతాయి.

ఈ పిల్లలు ఎప్పుడూ నవ్వుతూ ఉంటారని, దేవుడి బిడ్డలని అనేవారి మంచి మనసును నేను కాదనను. కానీ ఆ మాట వల్ల కూడా కీడు జరుగుతుంది. మా పాపకు కోపం వస్తుంది, అసూయ కలుగుతుంది, నొప్పి పుడుతుంది. ఎప్పుడూ సంతోషంగానే ఉంటుందని ముందే అనుకున్నవారికి ఆమె నొప్పి కనబడదు. అసలే నొప్పిని వెంటనే చెప్పలేని పిల్ల ఆమె.

కారణం గురించి తల్లులను వేధించేవారికి ఒక మాట. అదనపు క్రోమోజోమ్ చాలావరకు అండం తయారయ్యేటప్పుడు యాదృచ్ఛికంగా జరిగే మార్పు వల్ల వస్తుంది. గర్భంలో ఉండగా తల్లి తిన్నదీ, చేసినదీ దానికి కారణం కాదు. వయసుతో ఆ అవకాశం పెరిగే మాట నిజమే అయినా, చిన్న వయసు తల్లులకే కాన్పులు ఎక్కువ కాబట్టి ఈ పిల్లల్లో ఎక్కువమంది 35 ఏళ్ల లోపు తల్లులకే పుడుతున్నారు.

మీ పత్రికకు నా విన్నపం ఇది. వచ్చే మార్చి దాకా ఆగకుండా, మీ ఆరోగ్య పేజీలో ఈ పిల్లలకు ఏ వయసులో ఏ పరీక్ష చేయించాలో పిల్లల వైద్యుల చేత ఒక పట్టిక రాయించి ప్రచురించండి: వినికిడి, కంటిచూపు, థైరాయిడ్, గుండె, నిద్ర, మెడ విషయంలో కనిపెట్టుకోవలసిన గుర్తులు. గోడకు అంటించుకునేలా అర పేజీలో వేస్తే ఇంకా మేలు. బడుల్లో, బాలల వైద్యశాలల్లో పనిచేసే మీ పాఠకులు దాన్ని కత్తిరించి, కొత్తగా ఈ కబురు విన్న తల్లిదండ్రులకు ఇవ్వగలుగుతారు.

భవదీయురాలు,
ఒక తల్లి