'హిందీ పిల్ల'కు చదువు ఎవరు చెప్పాలి?

సంపాదకులు గారికి,

జడ్చర్ల చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనికి బిహార్, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మా కిరాణా దుకాణం వెనక గదుల్లో అద్దెకుంటున్న బిహార్ దంపతులకు తొమ్మిదేళ్ల పాప ఉంది. ఇంట్లో మైథిలి మాట్లాడుకుంటారు. వాళ్ల ఊళ్లో రెండో తరగతి దాకా హిందీలో చదివింది. ఇక్కడి సర్కారు బడిలో చేర్చుకున్నారు, సంతోషం. కానీ తెలుగు రాదని ఒకటో తరగతిలో కూర్చోబెట్టారు. ఆరేళ్ల పిల్లల మధ్య, గోడ పక్కన, రోజంతా. హాజరు పిలిచినప్పుడు తప్ప ఆమె పేరు ఎవరి నోటా రాదు. అందరికీ 'హిందీ పిల్ల'. ఆమె నోటుబుక్కు చూశాను. అ ఆ ఇ ఈలు ముత్యాల్లా ఉన్నాయి. వేలు పెట్టి ఇదేమిటని అడిగితే తెలియదు. బొమ్మలు దించినట్టు దించింది. అదే పాప నా దుకాణంలో నాలుగు సామాన్లు కొంటే మొత్తం ఎంతయిందో నాకంటే ముందే చెబుతుంది.

ఇది నాకు కొత్త కాదు. మాది కోస్గి దగ్గర పల్లె. 1996లో అమ్మానాన్న మేస్త్రీ పనికి బొంబాయి బస్సెక్కితే నేనూ వెంట పోయాను. అక్కడ కార్పొరేషన్ వాళ్లకు తెలుగు మీడియం బడులూ ఉన్నాయి గానీ మా గుడిసెలకు దగ్గరలో లేవు. మరాఠీ బడిలో వేశారు. మొదటి రోజు టీచరమ్మ నన్ను చూసి "బస్, బస్" అన్నది. మరాఠీలో కూర్చో అని. నేను బస్సొచ్చిందేమో అనుకుని వాకిలి దిక్కు పోయాను. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత ఎన్నో నెలలు ఆ బడిలో నేను నోరు తెరవలేదు. ఒంటేలుకు పోతానని అడగడం రాక నిక్కరు తడుపుకున్న రోజులున్నాయి. రెండేళ్లకు ఊరికి తిరిగొచ్చేసరికి తెలుగు అక్షరాలూ మరిచిపోయాను. పదో తరగతి దాటలేదు.

పాలమూరు లేబర్ అని దేశమంతా పిలిచిన జిల్లా మనది. ఎక్కడెక్కడో డ్యాములు కట్టినవాళ్లు మన తల్లిదండ్రులు. పరాయి భాషలో బడికి పోయిన పిల్లల గోస మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

2010 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టం నాలుగో సెక్షన్ ఏమంటుందంటే, పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, మిగతావాళ్లతో సమానంగా రావడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. రాజ్యాంగం 350ఎ అధికరణ ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు సౌకర్యం కల్పించమంటుంది. మరి ఇక్కడ జరుగుతున్నది? 2022 నుంచి సర్కారు బడుల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. ఈ పాపకు రెండు పేజీలూ ఒకటే. తనకు వచ్చిన హిందీ ఆరో తరగతిలో గానీ మొదలుకాదు.

సార్లను తప్పు పట్టడం లేదు. ఐదు తరగతులను ఇద్దరు చూసుకునే చోట ఒక్క పిల్ల కోసం విడిగా కూర్చోవడం కుదరదు. అందుకే పైనుంచి ఏర్పాటు కావాలి అంటున్నాను. అదీ పెద్ద ఖర్చేం కాదు. మన దగ్గర ఉర్దూ, హిందీ మాట్లాడేవాళ్లు గల్లీకి పదిమంది ఉంటారు. డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న ఆడపిల్లలు ఉన్నారు. ఒకప్పటి విద్యా వాలంటీర్ల లాగా గౌరవ వేతనం ఇచ్చి, మొదటి మూడు నెలలు రోజుకు రెండు గంటలు ఈ పిల్లలకు తెలుగు చెప్పిస్తే చాలు. మన తెలంగాణ మాటలే సగం పని చేస్తాయి. ఒక సాయంత్రం ఆ పాపతో కుర్సీ అన్నాను, చూపించింది. దర్వాజ, సడక్, కలం, దవాఖాన, ఖాళీ, తయారు... అన్నీ తనకు తెలిసినవే, ఇవీ తెలుగేనా అని హిందీలో అడిగింది. చీకటి పడేలోగా "కుర్సీ మీద కూర్చో" అని నాకే చెప్పింది.

ఇటుక బట్టీల దగ్గర ఒడియా పిల్లల సంగతి వేరు. వాళ్లు చలికాలం మొదట్లో వచ్చి ఎండాకాలం చివర పోతారు. వాళ్లకు కావలసింది ఒడియా పుస్తకాలు, ఒడియా చెప్పే మనిషి, తిరిగి పోయేటప్పుడు ఇక్కడ చదివినట్టు చేతికి ఒక కాగితం.

వచ్చే జూన్‌కు మా వెనక గదిలోని పాపకు పదేళ్లు నిండుతాయి. బడి తెరిచిన రోజు ఆమెను మళ్లీ ఒకటో తరగతిలోనే కూర్చోబెట్టకుండా చూడాలని జిల్లా విద్యాధికారి గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

- ఒక పాఠకుడు, జడ్చర్ల